జాబితాలో పేరు

మా కళాశాల వార్షిక సంచిక ముద్రణకు పోయే రోజులలో సంపాదకవర్గం వారు అధ్యాపకుల గదికి వచ్చి, "ఈసారి మీరేమి రాస్తారు?" అని అడగడం ఆనవాయితీ. తెలుగు అధ్యాపకులకు అలవాటైన సమాధానం ఒకటి ఉన్నది. తిక్కన నాటకీయత అనో, ప్రబంధాలలో ప్రకృతి వర్ణన అనో ఒక శీర్షిక చెప్పి, తరగతి నోట్సు నుండి నాలుగు పుటలు తీసి ఇస్తే ఆ యేటికి ఋణం తీరిపోతుంది. ఈసారి విద్యార్థులు ఆ దారి మూసివేశారు. "పాఠం వద్దు సార్, మీ సంగతులు రాయండి. ఉద్యోగం, ప్రయాణాలు, ఊరి విశేషాలు, ఏవైనా సరే" అన్నారు.

నెల్లూరు పేరుకు నగరపాలక సంస్థే గాని నడవడిలో ఇంకా చిన్న ఊరే. ఇటువంటి చోట చాక్‌పీసు పట్టుకొని బ్రతికేవారికి చెప్పుకోదగిన సంగతులేముంటాయని మొదట అనుకొన్నాము. తీరా 2024వ సంవత్సరపు డైరీ తిరగవేసి చూడగా ఒక సంగతి తేటపడింది. తరగతి గదిలోనూ, ఎన్నికల విధిలోనూ, స్వర్ణాల చెరువు గట్టుమీదనూ, ఒక కార్యాలయపు వరండాలోనూ మేము చేసిన పని ఒక్కటే. మనుషుల పేర్లు అడగడం, పిలవడం, రాయడం, రాసినవాటిని సరిచూడడం. ఇంతకంటే చిన్న పని లేదనిపిస్తుంది. కాని ఈ చిన్న పని సరిగా జరగని చోట మనిషికి ఎంత నష్టం కలుగుతుందో ఆ యేడు కళ్ళారా చూశాము. ఆ మాటలే ఇక్కడ విన్నవించుకొంటున్నాము.

మా దినం హాజరు పట్టీతో మొదలవుతుంది. నెల్లూరు సీమ హాజరు పట్టీని నిదానంగా చదివితే ఈ సీమ పటం కళ్ళకు కడుతుంది. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకొన్నవారి ఇండ్లలో పెంచలయ్యలు, పెంచలమ్మలు పుట్టారు. కసుమూరు కాలేషా మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకొన్నవారి ఇండ్లలో మస్తాన్‌లు, మస్తానయ్యలు, మస్తానమ్మలు పుట్టారు. తమిళదేశపు నాగూరు దర్గా పేరు మీదుగా నాగూర్ మీరాలూ, నాగూరయ్యలూ వచ్చారు. మస్తాన్ అన్న మాట వినగానే అతడు ముస్లిమని తేల్చివేయడానికి ఈ జిల్లాలో వీలులేదు. మస్తాన్ రెడ్డి, మస్తాన్ రావు అన్న పేర్లు ఇక్కడ ఎవరికీ వింతగా తోచవు. బిడ్డ బ్రతికి బట్టకట్టాలని కోరుకొన్న తల్లి ఏ గడప ముందు కొంగు పట్టిందో ఆ గడప పేరే బిడ్డకు పెట్టుకొన్నది. మొక్కు తీర్చుకొనే చోట ఆమె మతం హద్దు చూడలేదు.

ఇటువంటి పేర్లను రెండు లిపులలో రాయవలసిన కళాశాల మాది. ఇందులోని చిక్కు బయటివారికి సులభంగా తెలియదు. ఉర్దూలో జీమ్ అనే అక్షరం మన జకారం వంటిది. అదిగాక జాల్, జే, జ్వాద్, జోయ్ అని మరి నాలుగు అక్షరాలున్నవి. ఆ నాలుగూ నోట ఒకే తీరున ఊదినట్లు పలుకుతాయి. తెలుగులో రాసేటప్పుడు ఈ అయిదూ ఒక్క జకారంలో ఇమడాలి. సకారానికి ఉర్దూలో మూడక్షరాలు, తకారానికి రెండు, హకారానికి రెండు. ఇటు తెలుగులో ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు ఉన్న తేడాను చూపడానికి ఉర్దూ వ్రాతలో గుర్తు లేదు. మన ణకార ళకారాలకు అక్కడ తావు లేదు. పైగా ఉర్దూలో హ్రస్వమైన అచ్చులను సాధారణంగా రాయరు, చదివేవాడే తెలిసి చదువుకోవాలి. కనుకనే ఒకే పేరు ఒకచోట ఖాదర్, ఇంకొకచోట ఖాదిర్, మరొకచోట కాదర్ అవుతుంది. మొహియుద్దీన్ అన్నది మొహిద్దీన్ అయి, నోట నలిగి మోదీన్ అవుతుంది. పిఠాపురపు కవి ఉమర్ ఆలీషా వంటి ప్రసిద్ధుని పేరే పుస్తకాలలో ఆలీషా అనీ, అలీషా అనీ రెండు విధాలుగా కనిపిస్తుంది. ఇక సామాన్యుని మాట చెప్పాలా?

తెలుగు నోటికి ఈ ధ్వనులు బొత్తిగా పరాయివని మాత్రం అనలేము. జాలి, జోరు అన్నప్పుడు మనం పలికే దంత్య జకారం ఉర్దూ జే అక్షరానికి దగ్గర చుట్టమే. పూర్వం దానికి గుర్తుగా అక్షరం తలమీద రెండంకె ఉంచే పద్ధతి ఉండేది. ఆ గుర్తు అచ్చులో నుండి పోయింది, ధ్వని నోట మిగిలింది. మాటల విషయమైతే చెప్పనే అక్కరలేదు. కచేరీలో మనం వాడే హాజరు, జాబితా, దరఖాస్తు, నకలు, అసలు, రసీదు, ఫిర్యాదు, జిల్లా అన్నీ అరబ్బీ పారసీల నుండి ఉర్దూ మీదుగా తెలుగింటికి వచ్చి స్థిరపడినవే. ఇటువంటి మాటలు తెలుగులో ఎన్ని ఉన్నవంటే, సి.పి.బ్రౌను దొర 1854లో వాటికోసం ప్రత్యేకంగా ఒక నిఘంటువునే ప్రకటించవలసి వచ్చింది. జాబితా అనే మాటను అంత చక్కగా తనది చేసుకొన్న భాష, ఆ జాబితాలో రాసే పేర్ల దగ్గర మాత్రం తడబడుతున్నది.

అక్షరదోషం కంటే పెద్ద చిక్కు సంక్షేపం. మన బడులలో షేక్ అన్న ఇంటిపేరును ఎస్.కె. అనీ, సయ్యద్‌ను ఎస్.డి. అనీ, మహమ్మద్‌ను ఎం.డి. అనీ పొడి అక్షరాలతో రాయడం ఏనాటి నుండో వస్తున్న అలవాటు. గడి చిన్నది, పేరు పొడవు, గుమాస్తాకు తీరిక తక్కువ. పదవ తరగతి పత్రంలో ఎస్.కె. అని పడుతుంది. ఆధార్ కార్డులో షేక్ అని పూర్తిగా పడుతుంది. బ్యాంకు పుస్తకంలో ఆ ఇంటిపేరు చివరికి పోతుంది. మనిషి ఒక్కడే, కాగితాలలో ముగ్గురు. ఊళ్ళో ఉన్నంత కాలం ముగ్గురూ కలసే బ్రతుకుతారు. ఏ పాస్‌పోర్టుకో, ఉపకార వేతనానికో, ఉద్యోగానికో దరఖాస్తు పెట్టిననాడు ముగ్గురిలో అసలువాడెవడో నిరూపించుకోమంటారు.

ఈ బాధ మా ఇంటిలోనే అనుభవించాము. మా తండ్రిగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నారు. ఆయన 2023 చివరలో కాలం చేశారు. కుటుంబ పింఛను మా తల్లిగారికి రావలసి ఉండగా, సర్వీసు పుస్తకంలో ఆమె పేరు చివర బీ అనీ, ఆధార్‌లో బేగం అనీ ఉండడం వలన కాగితాలు ఆగిపోయాయి. మా పెద్దల ఇండ్లలో ఈ రెండు మాటలూ స్త్రీల పేరు చివర మర్యాదకు చేర్చేవే. ఆ మాట చెప్పుకొన్నాము. అక్కడ కూర్చున్న గుమాస్తా చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "సార్, మీరు చెప్పేది నాకు అర్థమయింది. నాకు అర్థమయితే చాలదు, కాగితానికి అర్థం కావాలి" అన్నాడు. ఇద్దరూ ఒకరే అని ప్రమాణపత్రం, దానిమీద నోటరీ సంతకం, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ, ఇరుగుపొరుగు ఇద్దరి సాక్ష్యం సమకూర్చేసరికి ఏడు నెలలు గడచినవి. ఆ ఏడు నెలలూ మా తల్లిగారు డబ్బుకు ఇబ్బంది పడలేదు, మేమున్నాము. ఆమెను బాధించినది వేరొకటి. ఒకనాటి సాయంకాలం తస్బీహ్ తిప్పుతూ తిప్పుతూ ఆగి, "నలభై ఏళ్ళు ఆయన భార్యగా బ్రతికినాను. ఇప్పుడు కాదని ఎవరో అంటున్నట్టుంది బేటా" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ పింఛను కాగితాలు తిరుగుతుండగానే ఎన్నికల విధికి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ, లోక్‌సభకూ కలిపి 2024 మే 13న పోలింగు జరిగింది. మమ్ములను ప్రిసైడింగు అధికారిగా నియమించి కోవూరు నియోజకవర్గంలో, ఇందుకూరుపేట మండలపు సముద్రతీర గ్రామమొకటి కేటాయించారు. శిక్షణ తరగతులు రెండు జరిగినవి. ముప్పై ఏళ్ళకు పైబడిన మేము మళ్ళీ విద్యార్థులమై బల్లల మీద కూర్చొని, యంత్రానికి సీలు వేయడం, ఫారాలు నింపడం నేర్చుకొన్నాము. శిక్షణకు వచ్చిన వారిలో సగం మంది ఉపాధ్యాయులే. ఈ దేశంలో ఎన్నిక అనేది చాలా భాగం చాక్‌పీసు పట్టిన చేతుల మీదుగానే నడుస్తుందని అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

మే 12న యంత్రాలూ, సంచులూ సరిచూసుకొని ఆర్టీసీ బస్సులో బయలుదేరాము. కృత్తిక కార్తె ఎండ. కోతలు ముగిసిన మడులలో పశువులు తిరుగుతున్నవి. తూర్పుకు పోయేకొద్దీ వరిమడులు తగ్గి, రొయ్యల గుంటలు వచ్చినవి. గుంటలలో చక్రాలు నీటిని చిమ్ముతూ తిరుగుతున్నవి. ఆపైన సరుగుడు తోపులు, తాటిచెట్లు, వాటికి ముందు బకింగ్‌హాం కాలువ. మదరాసుకు ఉత్తరంగా 1806లో మొదలైన ఈ కాలువను తొలుత కాక్రేన్ పేరుతో పిలిచేవారు. 1878లో అప్పటి మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. కాలువకు పేరు మారితే నీటికి పోయేది లేదు. మా జిల్లాకే 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చగా, బోర్డులు మార్చి రాసుకొన్నాము, ఎవరికీ ఏ ఇబ్బందీ కలుగలేదు. కాలువకూ జిల్లాకూ ఉన్న ఈ సదుపాయం పేదవానికి లేదు. వాని పేరులో ఒక్క గుణింతం మారితే రేషను బియ్యం దగ్గర నుండి ఓటు దాకా అన్నీ ప్రశ్నార్థకమే.

ఆ రాత్రి పాఠశాల గదిలోనే పడక. దూరాన సముద్రపు హోరు, దగ్గరలో దోమల సంగీతం. పొరుగింటివారు చేపల పులుసు పంపారు. ఎన్నికల సిబ్బంది ఎవరి ఆతిథ్యమూ స్వీకరించరాదని నియమం ఉన్నందున దణ్ణం పెట్టి తిప్పి పంపాము. నెల్లూరు చేపల పులుసును కాదనవలసి రావడం ప్రజాస్వామ్యానికి మేము చేసిన తొలి త్యాగమని మా రెండవ పోలింగు అధికారి అన్నారు.

తెల్లవారుజామున అయిదున్నరకు ఏజెంట్ల సమక్షంలో నమూనా పోలింగు జరిపి, ఆ లెక్క తుడిచివేసి, సీళ్ళు వేసి, ఏడు గంటలకు తలుపు తెరిచాము. పోలింగు కేంద్రంలో జరిగే పనులలో మొదటిది పేరు పిలవడం. మొదటి పోలింగు అధికారి ఓటరు వరుస సంఖ్యనూ పేరునూ ఏజెంట్లకు వినిపించేటట్లు పైకి చదవాలి. చదివిన పేరుకూ, ఎదుట నిలిచిన మనిషికీ పొంతన ఉన్నదని అందరూ ఒప్పుకొన్న తరువాతనే వేలికి సిరా పడుతుంది. మైసూరులో తయారయ్యే ఆ సిరాను 1962 నుండి మన ఎన్నికలలో వాడుతున్నారు. అంటే సిరా కంటే, యంత్రం కంటే, సీలు కంటే ముందు పేరు. ఆ మొదటి మెట్టు దగ్గర జారినవారికి పై మెట్లు లేవు.

పదకొండు గంటల వేళ ఒక ముసలమ్మ వచ్చింది. డెబ్బై దాటిన వయసు. మనుమడి భుజం పట్టుకొని గుమ్మం దాకా వచ్చి, అతడిని అక్కడే ఉండమని తానొక్కతే లోపలికి నడచింది. ఆమె పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు. పేరు మొదటి భాగం జాబితాలోనూ, గుర్తింపు కార్డులోనూ ఒక్కటే. జాబితాలో అది బీ అని ముగిసింది, కార్డులో అమ్మ అని ముగిసింది. మొదటి అధికారి పేరు చదవగానే ఒక ఏజెంటు లేచి, "సార్, ఇది అభ్యంతరం. జాబితాలో ఉండే పేరు వేరే ఆమెది. ఆమె చనిపోయింది" అన్నాడు. ఆ కుర్రవాడు దురుసుగా అనలేదు, నమ్మే అన్నాడు. గదిలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయినవి. వరుసలో నిలిచినవారు తొంగి చూడసాగారు. మరొక ఏజెంటు ముసలమ్మ వైపు తిరిగి, "అవ్వా, మీరు తురకలా, కాదా? అది చెప్తే తేలిపోతుంది" అన్నాడు.

మేము ఆ ప్రశ్నను అక్కడే ఆపించాము. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరుకు గడి ఉన్నది, వయసుకు ఉన్నది, తండ్రి పేరుకో భర్త పేరుకో ఉన్నది. మతానికి గడి లేదు. మన రాజ్యాంగపు 325వ అధికరణం ప్రకారం ఒక నియోజకవర్గానికి ఒకే సాధారణ జాబితా. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ అందులో చేరరాదనడానికి వీలులేదు. జాబితా అడగని ప్రశ్నను మనం అడగకూడదని ఏజెంట్లతో చెప్పాము. ఆ మాట చెబుతున్నప్పుడు మా చొక్కాకు తగిలించిన గుర్తింపు బిళ్ళ మీద ఉన్న మా పేరును ఆ కుర్రవాళ్ళు చూశారు. మేమూ వాళ్ళు చూడడం చూశాము. ఏ మాటా పుట్టలేదు. ఆ పేరు గల మనిషి చెప్పినందువలన ఆ నియమం ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. ఉన్నదున్నట్లు అచ్చులో ఉన్నది.

అటువంటి సందర్భానికి 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో స్పష్టమైన మార్గం ఉన్నది. ఓటరు గుర్తింపును శంకించే ఏజెంటు రెండు రూపాయలు ధరావతు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. ప్రిసైడింగు అధికారి అక్కడికక్కడే విచారించి తేల్చాలి. అభ్యంతరం నిలవకపోతే ఓటు వేయనివ్వాలి. అది ఊరకే చేసిన అల్లరి అని తేలితే ఆ రెండు రూపాయలూ ప్రభుత్వానికి పోతాయి. గుర్తింపు కార్డులోని చిల్లర తేడాలను, మనిషి ఎవరో రుజువైతే, పట్టించుకోనవసరం లేదని ఎన్నికల సంఘం సూచన కూడా ఉన్నది.

కాగితాలు ముందు పెట్టుకొని చూశాము. జాబితాలోని భర్త పేరు కార్డుతో సరిపోయింది. ఇంటి నంబరు సరిపోయింది. వయసులో తేడా లేదు. ఛాయాచిత్రం మసకగా ఉన్నా ముక్కుపుడక గుర్తుపట్టేటట్లే ఉన్నది. చనిపోయిన రెండవ ఆమె పేరు, మరణించినవారి, ఊరు విడిచినవారి వేరే పట్టికలో, వేరే ఇంటి నంబరుతో, వేరే భర్త పేరుతో ఉన్నది. అన్నీ పైకి చదివి వినిపించాము. ధరావతు కడతావా అని ఆ కుర్రవానిని అడిగాము. అతడు పట్టికను తానే వేలితో వెదికి చూసుకొని, "వద్దు సార్, ఈమె వేరే. నేనే ఇద్దరినీ ఒకటనుకొన్నా" అని కూర్చున్నాడు.

ఇంతసేపూ ముసలమ్మ నిలబడే ఉన్నది. కుర్చీ వేయించినా కూర్చోలేదు. రెండు పేర్లెందుకు వచ్చాయమ్మా అని అడిగితే, "పుట్టినింట్లో ఒకమాదిరి పిలిచినారు, ఈ ఊరొచ్చినాక ఒకమాదిరి పిలిచినారు. ఎట్టా పిలిస్తే అట్టా పలికినా నాయనా. పేరు మందే గాని పిలిచేది వాళ్ళు గదా" అన్నది. వేలికి సిరా వేయించుకొని, రెండు యంత్రాల దగ్గరా రెండు ఓట్లు వేసి, మనుమడి భుజం పట్టుకొని వెళ్ళిపోయింది. ఆమె ఏ మతస్థురాలో మేము ఆనాడు అడగలేదు, ఈనాటికీ తెలియదు.

రాత్రి యంత్రాలు అప్పగించి తిరిగి వస్తుండగా మాకు చరిత్రలోని ఒక సంగతి మనసులో మెదిలింది. స్వతంత్ర భారతంలో 1951-52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలకు జాబితాలు తయారు చేస్తున్నప్పుడు, ఉత్తరాదిలో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురిని అని మాత్రమే చెప్పారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్, సొంత పేరు లేనిదే జాబితాలో చేర్చరాదని పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు ఆ ఎన్నికలో ఓటుకు దూరమయ్యారు. ఆ నిర్ణయం కఠినంగా తోచవచ్చు. తరువాతి ఎన్నికలకు ఆ స్త్రీలు తమ పేరు తాము చెప్పడం నేర్చుకొనే పరిస్థితిని అది తెచ్చిందని పెద్దలంటారు. ఆనాటి సమస్య పేరు చెప్పకపోవడం. ఈనాటి సమస్య, చెప్పిన పేరు చెప్పినట్లు రాయకపోవడం. మొదటి దానికి స్త్రీలను మందలించడానికి కారణం దొరికింది. రెండవదానికి రాసేవారిని తప్ప మరెవరిని అడగగలం?

పేర్లతో నిమిత్తం లేని చోటు కూడా ఒకటి మా ఊళ్ళోనే ఉన్నది. ప్రతి యేటా మొహర్రం వేళ స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. 2015లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2024లో అది జూలై 17న మొదలయింది. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి నీటిలో నిలబడి, అదే కోరిక గలవారికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని రొట్టెకు పేరుంటుంది. ఇచ్చేవారి పేరూ, పుచ్చుకొనేవారి పేరూ ఎవరూ అడగరు. మోకాలి లోతు నీటిలో నిలిచి రొట్టె చేత పట్టుకొన్న ఆవిడ ఏ ఊరో, ఎవరో ఎదుటివారికి అక్కరలేదు.

ఆ యేడు మేమూ, మా విద్యార్థులు కొందరూ అక్కడ స్వచ్ఛంద సేవకు వెళ్ళాము. మాకు అప్పగించినది తప్పిపోయిన పిల్లల విడిది. గట్టు మీద ఒక పందిరి, ఒక మైకు, నాలుగు కుర్చీలు. ఆ జనసముద్రంలో చేయి జారిన పిల్లలను పోలీసువారో, యాత్రికులో తెచ్చి మా దగ్గర వదిలేవారు. పిల్లవానిని ఊరడించి పేరడిగితే "చిన్నా" అంటాడు. అమ్మ పేరడిగితే "అమ్మ" అంటాడు. చిన్నా అనే పిల్లవాడు తప్పిపోయాడని మైకులో పిలిస్తే ఎంతమంది తల్లులు ఉలిక్కిపడతారు? మా విద్యార్థులు తెలుగులో, ఉర్దూలో, వచ్చీరాని తమిళంలో పిలిచారు. చొక్కా రంగు, చేతి దారం, చెప్పుల గుర్తులు చెప్పారు. ఒక పాప మాత్రం ఏ తడబాటూ లేకుండా ఇంటిపేరుతో సహా తన పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ ఒప్పజెప్పింది. పదినిమిషాలలో ఆ తండ్రి పరుగెత్తుకొని వచ్చాడు. మిగిలినవారికి గంటలు పట్టినవి.

అప్పుడు మాకు స్పష్టపడినదేమంటే, ఇచ్చిపుచ్చుకొనే చోట పేరు అక్కరలేదు. తప్పిపోయినవారిని తమవారి దగ్గరకు చేర్చవలసిన చోట పేరు తప్ప వేరే దారి లేదు. నీటిలో నిలిచినప్పుడు రొట్టె చాలును. గట్టెక్కిన తరువాత పేరు కావాలి. పింఛను కావాలన్నా, ఓటు కావాలన్నా, బడిలో చోటు కావాలన్నా మనం గట్టు మీద నిలబడి మైకులో మన పేరు ఎప్పుడు వినిపిస్తుందా అని ఎదురుచూసేవాళ్ళమే. పిలిచేవారు పేరు తప్పు పిలిస్తే మన పక్కనే ఉన్నా మనవారు మనలను చేరలేరు.

ఆ ఆగస్టులో మా తరగతిలో ఒక కొత్త పాఠం పెట్టాము. విశ్వవిద్యాలయం వారి ప్రణాళికలో ఇది లేదు. ప్రతి విద్యార్థీ తన పేరును తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి, పక్కన పదవ తరగతి పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకాలలో ఉన్న తీరును యథాతథంగా రాయాలి. ఉర్దూ చదవనివారి పేరును ఉర్దూ తెలిసినవారు రాసిపెట్టారు, తెలుగులో తడబడేవారి పేరును తెలుగువారు దిద్దారు. ఒక్క గంటలో తరగతి నవ్వులతో నిండిపోయింది. రెండవ గంటకు నవ్వులు తగ్గినవి. అరవైమందిలో అన్ని కాగితాలలోనూ ఒకే పేరు ఉన్నవారు పాతికమందికి మించలేదు. ఒక అమ్మాయి, తన పేరు నాలుగు చోట్ల నాలుగు విధాలుగా ఉన్నదని చూసుకొని, "వీటిలో నేనెవరిని సార్?" అని అడిగింది. నీవు రాసినదే నీవమ్మా, మిగిలినవన్నీ ఇతరులు రాసినవి, వాటిని నీ పేరుకు సరిగా దిద్దించుకొందాము అని చెప్పాము. ఆ సంవత్సరం ముగిసేలోగా ఆ తరగతిలో చాలామంది దిద్దుబాట్లకు దరఖాస్తులు పెట్టుకొన్నారు.

2022లో మన రాష్ట్ర శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టం సవరించింది. చట్టం గౌరవాన్ని ఇస్తుంది, అక్షరాలు మాత్రం రాసే చేతులే ఇవ్వాలి. కచేరీలో కూర్చొని ఒక పేరును విని, దానిని తెలుగులో సరిగా రాయగల చెవీ చేయీ ఉన్నవారు కావాలి. రెండు లిపులూ చదివిన మా విద్యార్థులకంటే ఆ పనికి అర్హులెవరు? ఉర్దూ తెలుగూ కలిసి చదివితే ఏమి వస్తుందని అడిగే తల్లిదండ్రులకు మేము ఈ జవాబు చెబుతున్నాము. ఇంకేమీ రాకపోయినా, పొరుగువాని పేరు తప్పు లేకుండా రాయడం వస్తుంది.

విద్యార్థి మిత్రులారా, మీలో పదునెనిమిదేళ్ళు నిండేవారు ఓటరుగా చేరడానికి 6వ నంబరు ఫారమూ, ఉన్న పేరులో తప్పు దిద్దించుకోవడానికి 8వ నంబరు ఫారమూ ఉన్నవి. పోలింగు కేంద్రానికొక బూత్ స్థాయి అధికారి ఉంటారు. మీది పూర్తి చేసుకొన్న తరువాత మీ వీధిలోని అవ్వలవి, తాతలవి అడగండి. పేరెలా రాయాలో మీరు ఊహించవద్దు. వాళ్ళనే అడగండి, రెండుసార్లు పలికించండి, రాసి చదివి వినిపించండి. అవునని వాళ్ళు తల ఊపిన తరువాతనే వేలిముద్ర వేయించండి. మా తల్లిగారి పింఛను పుస్తకం 2024 సెప్టెంబరులో వచ్చింది. ఆమె మొదట చూసుకొన్నది అందులోని మొత్తం కాదు. అద్దాలు పెట్టుకొని, మొదటి పుటలో తన పేరును వేలితో ఒక్కొక్క అక్షరమే తడుముతూ చదువుకొన్నారు.